గుడ్డు "రాయడం": లిఖించెదవా, రచించెదవా?

చికాగో చెల్లి:
మా పక్కింటివాళ్ళది ఉక్రెయిన్. ఈస్టర్ దగ్గర పడితే వాళ్ళ బామ్మగారు పచ్చి గుడ్ల మీద కరిగిన మైనంతో సన్నగా గీతలు పెట్టి, రంగులో ముంచి, మళ్ళీ గీతలు పెట్టి, మళ్ళీ ముంచుతారు. దాన్ని పిసాంకా అంటారు. "రాయడం" అనే క్రియలోంచి పుట్టిన మాట. ఉడకబెట్టి ఒకటే రంగు వేసి తినేది వేరు, దాని పేరు క్రాషాంకా. బామ్మగారు "గుడ్డు రాశాను" అనగానే జాషువాగారి గిజిగాడు నోట్లోకి వచ్చేసింది: "తేలిక గడ్డిపోచలను దెచ్చి లిఖించెద వీవు..." ఆ పైన అందడం లేదు. "లిఖించెద" అనేగా?

వినుకొండ మాస్టారు:
"రచించెద" తల్లీ. "దెచ్చి రచించెద వీవు తూగుటుయ్యేల గృహంబు". ఆయన పుట్టిన ఊరివాణ్ణి, ఈ పద్యం తప్పు వినిపిస్తే ఊరుకోలేను.

ఛందోభిమాని:
మాస్టారూ, పాఠం మీరు చెప్పిందే. అయినా అమ్మాయి చెవి తప్పు పట్టలేదు. ఉత్పలమాలలో "దెచ్చిర" భగణం, "దెచ్చిలి" కూడా భగణమే. యతి తే-దె, దానికీ దీనికీ సంబంధం లేదు. గణాలు ఈ తగువు తీర్చవు. "వ్రాసెద" అయితే మాత్రం అక్కడ నిలవదు.

వినుకొండ మాస్టారు:
గణాలు తీర్చకపోతే అర్థం తీరుస్తుంది. రచించడమంటే కూర్చడం. గూడు పోచ మీద పోచ పేర్చి కట్టేది. గుడ్డు ముందే ఉంది, దాని మీద చేసేది లేఖనమే. కవి ఆ మాట ఊరికే ఎంచుకోలేదు.

కాళహస్తి కోడలు:
అసలు మనకీ బొమ్మ "వ్రాయడమే" కదండీ! "చిత్తరువు వ్రాసె" అని పాత కావ్యాల్లో ఎన్నిసార్లు చదవలేదు? మా అత్తగారి ఊళ్ళో కలంకారీని పెద్దవాళ్ళు వ్రాతపని అనే అంటారు. మైనం కూడా కొత్త కాదు. వెనకటి కోరమాండల్ బట్టల్లో నీలి అంటకూడని చోట మైనమే పూసేవారు. ఆ బామ్మగారిదీ అదే కిటుకు. "గుడ్డు వ్రాయడం" అని నిస్సంకోచంగా అనండి, అచ్చ తెలుగు.

తెనాలి అన్న:
గుడ్డుకి అర్థం ఎవరూ ఎత్తలేదేం? మూసిన సమాధి, లోపల ప్రాణం. తూర్పు క్రైస్తవ (ఆర్థడాక్స్) సంఘాల్లో ఎర్ర గుడ్డు క్రీస్తు రక్తానికి గుర్తు. శ్రమదినాల్లో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస దినాల్లో, అక్కడ గుడ్డు ముట్టరు, అందుకే పండుగనాడు దానికంత మర్యాద. మా ఇంట్లో గుడ్డు లేదు, సమాధే ఉంది. ముందురోజు తాతయ్య సమాధికి సున్నం కొట్టి, వెలిసిన పేరు మీద నాన్న నల్లరంగుతో మళ్ళీ రాసేవారు. తెల్లారకముందే కొవ్వొత్తులు పట్టుకుని అందరం అక్కడ. ఇప్పుడు ఆ కుంచె నా చేతికొచ్చింది. నాకు ఈస్టర్ రాత అంటే అదే.

చికాగో చెల్లి:
అన్నయ్యా, ఇది ఈ సాయంత్రమే బామ్మగారికి చెబుతాను. మాస్టారూ, "రచించెద" ఒప్పుకున్నాను, కానీ నాలుక ఇంకా "లిఖించెద" అనే అంటోంది.

ఛందోభిమాని:
ఆ పద్యం చివర చూడండి. గుడ్డులోంచి వచ్చిన పిట్టని "అండజా" అనకుండా "నీడజా" అని పిలిచారు. నీడమంటే గూడు. పద్యమంతా గూడు గురించే కదా, ఆ పిట్ట పుట్టుకని కూడా గూటికే కట్టేశారు!

వినుకొండ మాస్టారు:
"గిజిగాడ" తరువాత "అండజా" పెడితే సంధి చేయాలి, గణం చెడుతుంది. అదీ చూడాలి నాయనా.

ఛందోభిమాని:
అంతటి కవి గణం కోసం మాట మార్చుకున్నారంటే నేను నమ్మను మాస్టారూ.