బీఎస్సీ కెమిస్ట్రీ అయ్యాక నేరుగా మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగం) చేరాలా, ఎమ్మెస్సీ చదవాలా?

పాలమూరు అమ్మాయి:
అందరికీ నమస్కారం. మహబూబ్‌నగర్ జిల్లాలో బీఎస్సీ ఎంపీసీ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. మొన్న మా కాలేజీకి ఒక మందుల కంపెనీ వాళ్లు వచ్చి ఇంటర్వ్యూలు చేశారు. పోలేపల్లి సెజ్‌లోని ప్లాంటులో క్యూసీ ట్రైనీగా తీసుకుంటామన్నారు. నెలకు 15 వేలు, బస్సు, క్యాంటీన్ ఉన్నాయి. మాకు రెండెకరాల భూమి, తమ్ముడు ఇంటర్. "చేతికొచ్చింది వదులుకోకు బిడ్డా" అని అమ్మ అంటోంది. మా కెమిస్ట్రీ సార్ మాత్రం "ఇప్పుడు చేరావంటే మళ్లీ పుస్తకం పట్టవు, సీపీగెట్ (పీజీ ఎంట్రన్స్) రాసి ఎమ్మెస్సీ ఆర్గానిక్ చెయ్యి" అంటున్నారు. రెండు దారుల్లో నడిచినవాళ్లూ చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జీడిమెట్ల క్యూసీ:
చేరు చెల్లీ, ఆలోచించకు. నేను బీజడ్‌సీ చదివి 2011లో ట్రైనీగా చేరాను. మొదటి ఆరు నెలలు గాజుసామాను కడగడం, బఫర్లు కలపడం, టైట్రేషన్లు (బ్యూరెట్‌తో చుక్కచుక్కగా పోసి ద్రావణం బలం తేల్చడం) చేయడం. తర్వాత కార్ల్ ఫిషర్ (నీటి శాతం తేల్చే పరీక్ష), యూవీ (కాంతితో కొలిచే మిషన్). ఏడాదిన్నరకు హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో విడదీసి చూపే మిషన్) ఇచ్చారు. అది చేతికొచ్చాక కంపెనీ మారిన ప్రతిసారీ జీతం పెరిగింది. నాతో డిగ్రీ పాసై ఎమ్మెస్సీకి వెళ్లినవాళ్లలో ఇద్దరు తర్వాత మా ల్యాబ్‌లోనే చేరారు. వాళ్లకు మిషన్ నేర్పింది నేనే. ఇంట్లో పరిస్థితి అలా ఉన్నప్పుడు రెండేళ్ల ఫీజులూ, హాస్టల్ ఖర్చులూ నాన్న మీద వేస్తావా?

ఖమ్మం లెక్చరర్:
పై తమ్ముడు చెప్పింది తన వరకు నిజమే. అందరికీ అదే దారి అంటే ఒప్పుకోను. అమ్మా, క్యూసీ తలుపు నీకు రెండేళ్ల తర్వాత కూడా తెరిచే ఉంటుంది. ఎమ్మెస్సీ లేకపోతే కొన్ని తలుపులు అసలు తెరుచుకోవు. ఆర్ అండ్ డీలో (పరిశోధన విభాగం) సింథసిస్ బెంచి దగ్గర, అంటే రసాయనాలు తయారుచేసే చోట, ఎక్కువగా ఎమ్మెస్సీ ఆర్గానిక్ వాళ్లనే తీసుకుంటారు. జూనియర్ లెక్చరర్ కావాలన్నా పీజీ ఉండాలి. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు కెమిస్ట్రీ వైపు నుంచి వచ్చేవాళ్లకు పీజీ అడుగుతారు, బీఎస్సీ చాలదు. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేల ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేయొచ్చు. హైదరాబాద్ తార్నాకలో ఐఐసీటీ (రసాయన పరిశోధన సంస్థ) ఉంది, 1944లో మొదలైన సంస్థ. అక్కడ పరిశోధన చేసినవాళ్లలో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు తక్కువేమీ కాదు. మూడేళ్లు చదివినదాన్ని 15 వేలకు ఆపేయకు.

జీడిమెట్ల క్యూసీ:
సార్, బీఎస్సీని అంత తీసిపారేయకండి. డ్రగ్స్ రూల్స్‌లోనే ఉంది: కెమిస్ట్రీ ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చేసి, మందుల తయారీలో మూడేళ్ల అనుభవం ఉన్న గ్రాడ్యుయేట్ తయారీని పర్యవేక్షించే సిబ్బందిగా అర్హుడే. మన డిగ్రీకి చట్టమే విలువ ఇచ్చింది.

ఖమ్మం లెక్చరర్:
అది తయారీకి, క్యూసీకి కాదు. పైగా అదే చట్టం కింద డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు మన డిగ్రీ పనికిరాదు, బీఫార్మసీ లాంటి డిగ్రీలే అడుగుతారు. చాలామంది పిల్లలు ఆ సంగతి తెలియక నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తుంటారు.

ఇద్దరు పిల్లల తల్లి:
నేను ఐదేళ్లు క్యూసీలో చేశాను కాబట్టి చెబుతున్నా చెల్లీ. చేరేటప్పుడు నేనూ "ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో ఎమ్మెస్సీ కట్టేస్తా" అనుకున్నాను. ఫీజు కట్టాను, పుస్తకాలు వచ్చాయి, తెరవలేదు. పొద్దున ఆరున్నరకు బస్సు, ఇంటికొచ్చేసరికి ఏడున్నర. రోజంతా నిలబడి చేసే పని. ఆడిట్ వస్తుందంటే ఆదివారాలు కూడా పోతాయి. పెళ్లయ్యాక మానేసి బీఈడీ చేశాను, ఇప్పుడు డీఎస్సీకి చదువుతున్నాను. ఉద్యోగం చెడ్డదని కాదు, నాన్న అప్పు తీర్చింది ఆ జీతమే. కానీ "తర్వాత చదువుతా" అన్న మాటను మాత్రం నమ్ముకోకు. చదవాలని ఉంటే ఇప్పుడే చదువు.

అనకాపల్లి ప్రొడక్షన్:
ఆఫర్ లెటర్‌లో డిపార్ట్‌మెంటు రాసి ఉందో లేదో చూడమ్మా. నోటితో క్యూసీ అని చెప్పి ప్రొడక్షన్‌లో వేసే చోట్లున్నాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో పేలుడు జరిగి 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా పోయారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, నేను ఇంకా అదే పనిలో ఉన్నాను. ఎక్కడ వేసినా ముట్టుకునే ప్రతి సాల్వెంట్ (కరిగించే ద్రవం) సేఫ్టీ షీటూ చదువు. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు.

జామ్ రాసినవాడు:
ఐఐటీ జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల ఎంట్రన్స్) సంగతి ఎవరూ ఎత్తలేదేం? 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు, ఫిబ్రవరిలో ఉంటుంది. డిగ్రీ సిలబస్సే, కాకపోతే లోతుగా అడుగుతారు. నాకు మొదటిసారి పోయింది, రెండోసారి సీటొచ్చింది. ఎంపీసీ కాబట్టి ఫిజికల్ కెమిస్ట్రీ లెక్కలకు నువ్వు భయపడక్కర్లేదు.

పాలమూరు అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. ఒక సంగతి దాచకుండా చెబుతాను. హెచ్‌పీఎల్‌సీ యూట్యూబ్‌లో తప్ప చూడలేదు. సాల్ట్ అనాలిసిస్‌లో (ఇచ్చిన లవణమేదో కనిపెట్టే ప్రాక్టికల్) ఏ సాల్టో ముందే తెలిసిపోయేది. రికార్డు సీనియర్లది చూసి రాశాం. ఎటు వెళ్లినా అక్కడ నాకు ఏమీ రాదని తెలిసిపోతుందేమోనని భయం.

పటాన్‌చెరు క్యూఏ:
తల్లీ, ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను కానీ నువ్వు రాసిన ఈ చివరి మాటకు జవాబు చెప్పాలి.

క్యూఏ (రికార్డులు, పద్ధతులు సరిచూసే విభాగం) తరఫున పన్నెండేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను. నేను అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌ను దేనితో స్టాండర్డైజ్ చేస్తావు (దాని అసలు బలం తేలుస్తావు)? కార్ల్ ఫిషర్‌తో తేలే నీటి శాతానికీ, లాస్ ఆన్ డ్రయింగ్‌కూ (ఆరబెడితే తగ్గే బరువు) తేడా ఏంటి? సీ18 కాలమ్‌లో 18 అంటే ఏంటి? ఎమ్మెస్సీ చేసినవాళ్లూ తడబడతారు, బీఎస్సీ వాళ్లూ చెబుతారు. మిషన్ రాకపోయినా ఫరవాలేదు, మేం నేర్పుతాం. మేం మాన్పించలేనిది ఇంకొకటుంది.

మన కాలేజీల్లో బ్యూరెట్ రీడింగు 9.8, 9.8, 9.8 అని మూడుసార్లు రాసేస్తారు. నిజంగా వచ్చింది 9.6, 10.1. రెండు రీడింగులు కలవాలని పుస్తకంలో ఉంది కాబట్టి రాతలో కలిపేస్తారు. ఆ అలవాటుతోనే కంపెనీకి వస్తారు. హెచ్‌పీఎల్‌సీలో ఏ ఇంజెక్షన్ ఎవరు ఎప్పుడు ఇచ్చారో, ఏ ఫలితం ఎవరు మార్చారో ఆడిట్ ట్రయల్‌లో (మిషన్ తానే రాసుకునే రికార్డు) ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ నుంచి వచ్చేవాళ్లు అదంతా చూస్తారు. చింపి పారేసిన కాగితాల కోసం చెత్తబుట్టలు కూడా వెతుకుతారు. మా దగ్గర ఒక పిల్లాడు చిత్తుకాగితం మీద బరువులు రాసుకుని, నచ్చినవే రిజిస్టర్‌లో ఎక్కించాడు. ఉద్యోగం పోయింది. ఆ కాగితాలు ముందు పెట్టినప్పుడు వాడు ఆశ్చర్యంగా చూశాడు. "సార్, కాలేజీలో ఇలాగే చేసేవాళ్లం కదా" అన్నాడు. వాడు మోసగాడు కాదు. మూడేళ్లు మార్కులిచ్చి మరీ మనమే నేర్పిన పని అది. ఆ రోజు వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందుకని ఇంకా సమయముంది కదా, రేపే ల్యాబ్‌కు వెళ్లు. ఒక టైట్రేషన్ ఎవరి సాయం లేకుండా మొదటి నుంచి చివరిదాకా నువ్వే చెయ్యి. ఏది వస్తే అది రాయి. ఉద్యోగమా ఎమ్మెస్సీనా అన్నది తర్వాత చూద్దాం.

ఖమ్మం లెక్చరర్:
క్యూఏ గారి మాట నాకు గట్టిగానే తగిలింది. ఒక బ్యాచ్‌కు 40 మంది, పనిచేసే బ్యూరెట్లు ఎనిమిది, గంటన్నర సమయం. 9.8 అని మూడుసార్లు కనబడితే తెలిసీ సంతకం పెట్టాను. ఎన్నోసార్లు. ఇకమీదట రీడింగులు కలవలేదని ఎవరికీ మార్కులు తగ్గించను. ఎమ్మెస్సీ విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

జీడిమెట్ల క్యూసీ:
నాదీ అదే సార్, చేరమనే అంటాను. కానీ క్యూఏ అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

పాలమూరు అమ్మాయి:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సీపీగెట్‌కు అప్లై చేశాను. కంపెనీకి కాదని చెప్పలేదు, జూన్ దాకా టైమ్ అడిగితే ఇచ్చారు. లెటర్‌లో డిపార్ట్‌మెంటు రాయమని కూడా అడిగాను.

నిన్న సార్‌ను అడిగి మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొటాషియం హైడ్రోజన్ థాలేట్ నేనే తూచి 0.1 నార్మల్ ద్రావణం చేశాను. పది మిల్లీలీటర్ల చొప్పున పిపెట్‌తో తీసి సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేశాను. 10.1, 10.4, 10.0 వచ్చాయి. అలాగే రాశాను. ఎందుకు కలవలేదో అర్థం కాలేదు.

జీడిమెట్ల క్యూసీ:
బ్యూరెట్ కొనలో గాలిబుడగ ఉందేమో చూశావా చెల్లీ? ఒక రీడింగు మధ్యలో అది బయటికి పోతే తేడా వచ్చేస్తుంది. ఫినాఫ్తలీన్ సూచిక లేత గులాబీ దగ్గర ఆపావా, ముదురు రంగు దాకా పోశావా? ఒక్క చుక్కే దాదాపు 0.05 మిల్లీలీటర్లు ఉంటుంది. రేపు ఫ్లాస్కు కింద తెల్లకాగితం పెట్టి ఇంకో మూడుసార్లు చెయ్యి. ఏమొచ్చిందో ఇక్కడే రాయి.