పంచాయతీ లెక్కలు వెబ్‌సైటులో ఉంటే చాలునా, గోడ మీద కూడా రాయాలా?

దేవరకొండ రైతు:
వీధి దీపాల ఖర్చు ఎంతని మా పంచాయతీలో అడిగితే, అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చూసుకోండి అన్నారు. 2020 ఏప్రిల్‌లో మొదలైన ఇ-గ్రామ్‌స్వరాజ్ అనే కేంద్రం వారి పంచాయతీ లెక్కల వెబ్‌సైటులో మా ఊరి ఓచర్లు కనిపిస్తున్న మాట నిజమే. అయితే తేదీ, మొత్తం, పద్దు పేరు ఇంగ్లీషులో ఉన్నాయే తప్ప, ఏ వాడలో ఎన్ని దీపాలు వేశారో అందులో లేదు. జమాఖర్చులు తెలుగులో పంచాయతీ గోడ మీద రాయించాలని నా వాదన.

పాలమూరు వలస:
ఒప్పుకోలేను. బతుకుదెరువుకు ముంబయి, పుణె వెళ్లినవారికి వెబ్‌సైటే ఆధారం. గోడకు సున్నం వేస్తే లెక్క చెరిగిపోతుంది.

మక్తల్ పాఠకుడు:
ఆయిల్ పెయింటుతో రాయిస్తే చెరగదు.

దేవరకొండ రైతు:
రంగు గురించి కాదు సార్ చర్చ. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ నోటీసు బోర్డులను, పత్రికలను, బహిరంగ ప్రకటనలను ఇంటర్నెట్‌తో పాటే పేర్కొంటుంది. స్థానిక భాషనూ, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతినీ దృష్టిలో పెట్టుకోవాలంటుంది. ఫోను పట్టని ముసలివాళ్లకు వెబ్‌సైటు ఎట్లా చేరుతుంది?

పాలమూరు వలస:
చట్టం ఇంటర్నెట్‌ను కూడా చెప్పింది కదా అన్నా. ఇంటి పన్ను నేనూ కడుతున్నాను. అయినా పన్ను రికార్డులో మా నాయన పేరు తీసి నా పేరు ఎక్కించమని దరఖాస్తు పెడితే, ఊళ్లో ఉండనివాడివి, నీకెందుకు తొందర అని పక్కన పడేశారు. అన్నీ గోడ దగ్గరే తేల్చుకోవాలంటే మాకు నోరు లేకుండా చేయడమే.

దేవరకొండ రైతు:
మీ దరఖాస్తుకూ నా గోడకూ సంబంధం ఏమిటి? రాత్రి చీకట్లో ఆ వాడలో నడిచేది మేము. పండుగకు వచ్చి పోయేవాళ్లు ఓచరు చూసి పని అయిందని నమ్మితే, మా మాట ఎవరు వింటారు? ఊరి లెక్క ముందు ఊళ్లో ఉన్నవాడికి చెప్పాలి.

పాలమూరు వలస:
ఇప్పుడు అసలు మాట బయటపడింది. మా ఇల్లు అక్కడే, ఓటూ అక్కడే. ముందు మీకు, తరువాత మాకు అనే వరుస ఎవరు పెట్టారు?

నల్లగొండ మాస్టారు:
తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. ఏ దీపం ఎక్కడ వేశారో ఆ సభలో చదివించి, తీర్మానంలో రాయించండి.

పాలమూరు వలస:
సభకు రాలేనివాడి ప్రశ్నను అక్కడ ఎవరు చదువుతారో చెప్పండి మాస్టారూ, అప్పుడు గోడ రాతకు నేను అడ్డు చెప్పను.