‘సందిగ్ధ ద్రవ్యరాశి’లో సందిగ్ధం ఎక్కడుంది?

స్టానిస్లావ్ ఉలాం అనే గణితవేత్తపై వ్యాసం రాస్తుండగా ఈ మాట దగ్గర నా కలం ఆగింది. ఒక కేంద్రకం చీలిక మరికొన్నింటి చీలికకు దారితీసే శృంఖల చర్య తనంతట తాను కొనసాగడానికి కావలసిన అణు ఇంధనపు కనీస ద్రవ్యరాశికి (critical mass) మన పాఠ్యపుస్తకాలు వాడే పేరిది. వాడుకలో సందిగ్ధమంటే ఎటూ తేలనిది. ‘సందేహం’లోని ‘దిహ్’ ధాతువే ఇందులోనూ ఉంది. లెక్కకట్టి కిలోల్లో చెప్పగలిగినదానికి ఈ విశేషణమేమిటని విసుక్కుని ‘కీలక’ అని దిద్దాను. ఉలాం చేసిన పని చదివాక ఆ దిద్దుబాటును కొట్టేశాను.

ఆయన 1909లో నేటి ఉక్రెయిన్‌లోని ల్వూవ్‌లో పుట్టి, 1933లో అక్కడే డాక్టరేటు పొంది, స్కాటిష్ కఫేలో బానాఖ్ వంటివారితో గంటల తరబడి లెక్కలు చర్చించిన శుద్ధ గణితవేత్త. 1944లో లాస్ అలమోస్ అణుబాంబు ప్రయోగశాలలో చేరారు. ఆ ఏడాదే డేవిడ్ హాకిన్స్‌తో కలిసి న్యూట్రాన్ల వంశవృద్ధిని సంభావ్యత లెక్కగా మలిచారు. ఒక న్యూట్రాన్ కేంద్రకాన్ని చీలిస్తే రెండో మూడో కొత్తవి పుడతాయి. వాటిలో కొన్ని బయటికి జారిపోతాయి, కొన్నింటిని కేంద్రకాలు చీలకుండానే మింగేస్తాయి. 19వ శతాబ్దంలో గాల్టన్, వాట్సన్ ఇంగ్లండులో ఇంటిపేర్లు అంతరించడంపై వేసిన లెక్క కూడా ఇదే. ఒక్కొక్కరికి కలిగే కొడుకుల సంఖ్య సగటున ఒకటికి తక్కువైతే ఆ ఇంటిపేరు ఏనాటికైనా పోక తప్పదు. సరిగ్గా ఒకటే అయినా, కొందరికి ఇద్దరు, కొందరికి అసలు లేకపోవడం ఉన్నంతకాలం, అదే గతి. ఒకటి దాటితే మాత్రం ఆ వంశం ఊళ్లకు ఊళ్లు నిండవచ్చు, రెండో తరంలోనే ఆరిపోనూవచ్చు. న్యూట్రాన్లకూ అంతే: ఒక్కోదాని వల్ల మళ్లీ చీలిక తెచ్చేవి సగటున ఒకటయ్యే హద్దే ఈ ద్రవ్యరాశి. అంటే, హద్దుకు ఇవతల అంతా నిశ్చయమే, సందిగ్ధం మొదలయ్యేది హద్దు దాటాకే.

ఈ మాట కూర్చినవారు ఇంత ఆలోచించారని నేననను. ‘సందిగ్ధ కోణం’, ‘సందిగ్ధ ఉష్ణోగ్రత’ కూడా అదే అచ్చులో పోసినవి, వాటికి ఈ సమర్థన చెల్లదు.

1946లో మెదడువాపు నుంచి కోలుకుంటూ ఒంటరి పేకాట ఆడుతున్న ఉలాం, గెలుపు అవకాశాన్ని సూత్రాలతో తేల్చేకంటే వంద ఆటలు ఆడి లెక్కపెట్టడమే సులువు కదా అనుకున్నారు. న్యూట్రాన్ల గతిని యాదృచ్ఛిక సంఖ్యలతో అంచనా కట్టే మాంటే కార్లో పద్ధతికి బీజం అదే. 1951లో భౌతికవేత్త టెల్లర్‌తో కలిసి హైడ్రోజన్ బాంబు రూపకల్పనలో పాల్గొన్నది కూడా ఈయనే.

కాబట్టి ‘సందిగ్ధ ద్రవ్యరాశి’ని అలాగే ఉంచాను. నాకు మిగిలిన చిక్కు రియాక్టరుతో: అది నిలకడగా పనిచేస్తున్నప్పుడు ‘సందిగ్ధ స్థితిలో ఉంది’ (critical) అని రాస్తే, ఏదో ప్రమాదం ముంచుకొచ్చిందని చదువరి కంగారుపడడా? అక్కడికి ‘సమస్థితి’ సరిపోతుందేమో, సభ్యులు చెప్పగలరు.