రోజువారీ వాడకానికి ఏ ఫిట్‌నెస్ బ్యాండ్ మంచిది?

రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తాను. నా పాత బ్యాండ్ గతుకుల రోడ్డు మీద బండి నడిపినా అడుగులు లెక్కేసేది, ఇంట్లో అందరూ ఒకటే నవ్వు! పోయిన వారం అది పూర్తిగా ఆగిపోయింది. ఇప్పుడు శాంసంగ్ గెలాక్సీ ఫిట్ 3, ఫిట్‌బిట్ ఛార్జ్ 6 మధ్య తేల్చుకోలేకపోతున్నాను. మొదటిది చవక, ఒకసారి ఛార్జ్ చేస్తే 13 రోజుల దాకా వస్తుందని కంపెనీ మాట. కానీ అందులో జీపీఎస్ లేదు, నడిచిన దారి కావాలంటే ఫోన్ జేబులో ఉండాల్సిందే. రెండోదానికి జీపీఎస్ ఉంది, బ్యాటరీ 7 రోజులే. జీపీఎస్ వాడితే ఇంకా తొందరగా అయిపోతుంది.

నాకు అడుగులు, గుండె వేగం, నిద్ర లెక్క చాలు. చెమట పట్టినప్పుడు గుండె వేగం ఏది సరిగ్గా చూపిస్తుంది? స్ట్రాప్ వల్ల మణికట్టు దగ్గర దురద వస్తుందా? ఏడాదికి పైగా వాడినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.