పులిజూదంలో గెలిచే పిల్ల మ్యాట్ మీద వెనక్కెందుకు పోతోంది?

పర్లాకిమిడి నాన్న:
మా పాప తైక్వాండో నేర్చుకుంటోంది. ఇంట్లో నానమ్మతో పులిజూదం ఆడితే ఎప్పుడూ మేకలే కావాలంటుంది, మూడు పులుల్నీ కదలకుండా కట్టేస్తుంది. స్పారింగ్‌లో మాత్రం ఎదుటి పిల్ల కాలు లేపితే చాలు, తిన్నగా వెనక్కి పోయి గీత దాటేస్తుంది. గమ్‌జోమ్, అంటే తప్పు కింద లెక్క, అవతలి వాళ్లకి పాయింటు. "ఆలోచించి ఆడమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోతోంది. ఆ బుర్ర మ్యాట్ మీదికి రావాలంటే ఏం చెయ్యాలి?

రాయగడ మాస్టారు:
ముందు ఆ "ఆలోచించి ఆడు" మానెయ్యండి సార్. పులిజూదంలో ఒకరి తర్వాత ఒకరు ఆడతారు, మ్యాట్ మీద వంతులెక్కడివి? బౌట్‌లో కాళ్లకి అలవాటైందే వస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. మీ పాపకి మేకల ఆటే తెలుసు, చుట్టుముట్టడం వచ్చు. మ్యాట్ మీద చుట్టుముట్టబడేది తనే, అంటే అక్కడ తను పులి! పదిహేను మేకలూ దిగాక దారి వెతికితే పులికి దొరకదు, ముందే పక్కకి జరగాలి. అందుకని ఇంట్లో ఇక పులుల్ని ఆడించండి.

క్లాసులో నేల మీద టేపుతో చతురస్రం వేయండి. తన్నులు వద్దు. ఒకరు మూలకి నెట్టుకురావాలి, ఇంకొకరు పక్కకి తిరిగి బయటపడాలి. అది కుదిరాక, వెనక్కి ఒక్క అడుగే, రెండోది పక్కకి, వెంటనే ఎదురు కిక్. హోగుకి, అంటే ఛాతీకి కట్టుకునే కవచానికి, మామూలు కిక్ తగిలితే 2 పాయింట్లు, ఒళ్లు గిర్రున తిప్పి తన్నితే 4. ఆశ పుడితే కాళ్లు వాటంతటవే ఆగుతాయి.

సిరొంచ జూడో:
నాకు పనికొచ్చింది దాడి ఆట, తొమ్మిదేసి కాయలది. ఒకే కాయ జరిపితే మూడు కాయల వరస ఒకటి విడిపోయి ఇంకోటి పడేలా పెట్టుకుంటాం కదా, అవతలివాడు ఏది ఆపాలి? జూడోలో ఓఉచి గారి, అంటే లోపలి నుంచి వాడి కాలు లాగి వెనక్కి పడేసే పట్టు, అలాగే వేస్తాను. కాలు వెనక్కి తీసుకుంటే వాడి బరువు ముందుకొస్తుంది, అప్పుడు తాయ్ ఓతోషి, కాలు అడ్డంపెట్టి ముందుకి పడేయడం. తీసుకోకపోతే అక్కడే పడతాడు.

బరంపురం అమ్మ:
ఆటలు సరే, హోగు సరిగ్గా సరిపోతోందా? వదులుగా ఉంటే దెబ్బ భయంతోనే పిల్లలు వెనక్కి పోతారు. మావాడు అంతే.

పర్లాకిమిడి నాన్న:
వాళ్ల అన్నయ్యదే వేసుకుంటోందండీ, భుజాల దగ్గర జారుతోంది.

రాయగడ మాస్టారు:
అయితే టేపు తర్వాత, ముందు హోగు మార్చండి. చతురస్రం కూడా మొదట పెద్దదే వేయండి, వారం వారం తగ్గించుకుంటూ రండి.