నా కారు నంబరు మీద పోలీసు అలర్ట్ తీయించడం ఎలా?

మాది రాజోలు దగ్గర, తెల్ల డిజైర్, 2017 మోడల్. ఇదే నంబరు ప్లేటుతో ఇంకో తెల్ల కారు తిరుగుతోందట, దాంట్లో గంజాయి తరలిస్తున్నారని అనుమానం. కెమెరాకి నా నంబరు పడితే చాలు, ముందున్న చెక్‌పోస్టులో ఆపేస్తున్నారు, ఎక్కువగా రాత్రి 9 దాటాక, రావులపాలెం దగ్గర హైవే ఎక్కాక. మొన్న యానాం నుంచి వస్తుంటే ఆపారు, మందు సీసాల తనిఖీ ఏమోలే (ఆ దారిలో అది మామూలే) అని అద్దం దించితే తాళం లాక్కుని వెనక సీటు పీకేశారు. దొరికింది కొబ్బరికాయల బస్తా, అమ్మ బీపీ మాత్రలు.

ఆర్సీ, ఇన్సూరెన్స్ చూపిస్తున్నా. బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరు చూసుకుని వాళ్లే వదిలేస్తారు, ఇంకో చోట మళ్లీ మొదటికే. నేను వెళ్లని ఊళ్లో ఈ-చలానా కూడా పడింది, ఆ ఫోటోలో కారుకి ఫాగ్ లైట్లున్నాయి, నాదానికి లేవు. ఆ ప్రింటు తీసుకుని స్టేషన్‌కి వెళ్తే మా పరిధి కాదన్నారు. బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 173 ప్రకారం ఎక్కడైనా జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) కట్టాలి కదండీ అంటే, నువ్వు లాయరువా అని అడిగారు. కాగితం ఉంచుకున్నారు, రసీదు ఇవ్వలేదు. రవాణా ఆఫీసులోనేమో ముందు పోలీసుల లెటర్ తెమ్మంటున్నారు. రాత్రిపూట బండి తీయాలంటేనే టెన్షన్.

కొత్త నంబరు తీసుకోమని సలహా ఇవ్వకండి, తప్పు చేసింది నేను కాదు. ఇలా డూప్లికేట్ ప్లేటు గొడవలో ఇరుక్కుని బయటపడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అలర్ట్‌లో అసలు కారు ఛాసిస్ నంబరు నమోదు చేయించడానికి ఏ అధికారికి, ఏ కాగితాలతో అర్జీ పెట్టారు?