టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి

నిర్వాహకుడు (నల్గొండ):
2025 జూన్ 14న హైటెక్స్‌లో జరిగిన గద్దర్ అవార్డుల సభను టీవీలో చూసినవాళ్లు మా వీధిలో ఒక్క మాట మీద లేరు. 1964లో మొదలైన నంది సినిమా బహుమతులు ఆగిపోయి ఇన్నేళ్లకు మళ్లీ సర్కారు బహుమతులు వచ్చాయి, అదే పండుగని కొందరు. 2014 నుంచి 2023 దాకా వచ్చిన ఉత్తమ చిత్రాలను కూడా కలిపేసరికి ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియలేదని ఇంకొందరు. ప్రకటనలే ఎక్కువని మా ఇంటి తీర్పు. ఆ గొడవలోంచి పుట్టిందే ఈ వారం సమస్య, అంటే మీరు పూరించాల్సిన పద్యానికి చివరి పాదం, తేటగీతి ఛందస్సులో:

"టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి"

టీవీ ఎందుకు ఆర్పారు, ఆర్పాక ఏ ఠీవి కనబడింది? రెండూ మీ మూడు పాదాల్లోనే తేలాలి.

కోదాడ:
మేటి కత్తి కాంతారావు మెరుపు వేట్లు
తాత చెప్పగ వాకిట దరికి జేరి
మనుమ లూకొట్టి వినుచును మరచి నిదుర
టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి

కత్తియుద్ధాల జానపద చిత్రాల హీరో కాంతారావు గారిది మా దగ్గరి గుడిబండ. ఆయన పేరిట ఇచ్చిన బహుమతిని విజయ్ దేవరకొండ అందుకున్నాడు, సంతోషమే. కానీ ఆ కత్తి ఎలా తిరిగేదో మా పిల్లలకు తెలియాలంటే ఇంట్లో ముసలివాళ్లే దిక్కు.

గద్వాల:
వరసగా మూడు గురువులు (బరువైన అక్షరాలు) ఉన్న పేరును తేటగీతిలో ఇరికించడం తేలిక కాదు. 'కత్తి కాం' ర గణం, 'తారావు' త గణం (గణమంటే అక్షరాల గుంపు). శభాష్. అయితే టీవీ ఎందుకు ఆర్పినట్టు? కారణం పద్యంలో లేదు.

కోదాడ:
కరెంటు పోయిందనుకోండి అన్నా.

గద్వాల:
అప్పుడు అది 'ఆరిన' టీవీ అవుతుంది, 'ఆర్పిన' కాదు!

నిర్వాహకుడు:
తాత కథ మొదలుపెడితే టీవీ ఎవరికి కావాలి? నాకైతే కారణం అందింది. ఈ వారం నా ఓటు దీనికే.

నారాయణపేట:
గద్దరన్న పేరిట సభ గాంచినారు
నడుమ ప్రకటన లెన్నియో నసను బెట్ట
గొంగడేసిన ముసలమ్మ గొంతు విప్ప
టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి

గద్వాల:
కారణం రెండో పాదంలోనే దొరికింది, ఇది పూరణమంటే. 'నస బెట్ట' అంటే చాలు, 'ను' గణం కోసం వచ్చి కూర్చుంది. 'గొంగడేసిన' వాడుక మాట, 'గాంచినారు' పక్కన పొసగదు.

నారాయణపేట:
ముసలమ్మ గొంగడి ధరించదన్నా, వేసుకుంటుంది. మార్చను.

నిర్వాహకుడు:
మార్చకండి. గద్దర్ పేరున్న పద్యంలో గొంగడి అలాగే ఉండాలి. 'నసను' మాత్రం చూడండి.

మహబూబ్‌నగర్:
అందరూ టీవీ సభను తిట్టేవాళ్లేనా? నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను, నచ్చింది కూడా. ఇదిగో:

చిన్న తెరపైన చుక్కలు చిన్నబోవ
బస్సు నెక్కి హైటెక్సుకు పరుగు దీసి
ఎదుట నిలిచిన హీరోల నెల్ల జూచి
టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి

నిర్వాహకుడు:
సభను మెచ్చుకుంటూనే టీవీ ఆర్పించారు, గడుసుతనం! కానీ 'జూచి' అన్నాక మళ్లీ 'గనిరి' దేనికి? 'హీరోల కీల వేసి' అనండి. ఎ-ఈ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొత్తు) చెల్లుతుంది, అభిమానుల సందడీ వినబడుతుంది. ఇంకో సంగతి, పాలమూరు నుంచి బస్సు ఎక్కేసరికి సభ సగం అయిపోదూ?

మహబూబ్‌నగర్:
ఈల బాగుంది, తీసుకుంటున్నా. బస్సు సంగతి కవిసమయం కింద వదిలేయండి.

మిర్యాలగూడ (కొత్త):
పదుల బహుమతు లొకరాత్రి పంచి పెట్ట
నిద్ర ముంచుకొచ్చెను పెద్దవారికెల్ల
పాత సినిమాలు కలలోన బలుకరింప
టీవి నార్పిన పిదపనే ఠీవి గనిరి

గద్వాల:
రెండో పాదంలో 'ని'కి 'వా'తో యతి కుదరదు.

నిర్వాహకుడు:
'నిద్ర ముంచుకొచ్చిన తాత నేల నొరగ' అంటే సరి, ని-నే. 'గనిరి' తాతకు గౌరవంగా సరిపోతుంది.

మిర్యాలగూడ (కొత్త):
ధన్యవాదాలు సార్. యతి దొరకనప్పుడు ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) వేసుకోవచ్చా?

నిర్వాహకుడు:
తేటగీతిలో నిక్షేపంగా వేసుకోవచ్చు. సమస్య పాదమే చూడండి. టీ-ఠీ యతి, టీవి-ఠీవి ప్రాసయతి, రెండూ పడ్డాయి. మీ మూడో పాదం జోలికి మాత్రం వెళ్లకండి, అది ఉన్నదున్నట్టే ఉండాలి.